అయ్యవారి ఆఖరి బండి

పదవీ విరమణ సభ అయిపోయింది. శాలువాలు బీరువాలోకి, గోడగడియారం మేకుకు చేరాయి. కాస్త ముందో వెనకో గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బులు బ్యాంకులో పడ్డాయి. ముప్ఫై ఏళ్లకు పైగా సుద్దముక్క పట్టిన చేతికి ఒక్కసారిగా అంత సొమ్ము! కూతురి పెళ్లి అప్పు తీరింది. ఇంటికి సున్నం పడింది. ఇక మిగిలింది ఒకే ఒక్క కోరిక... బండి కొనాలి. మళ్లీ మళ్లీ కొనే పని లేకుండా, ఒక్కసారి కొంటే ఉన్నన్నాళ్లూ ఉండే బండి!

కర్నూలు జిల్లా కోసిగిలో ఇలాంటి అయ్యవారు ఒకరున్నారనుకుందాం. (సీమ పల్లెల్లో బడిపంతులుకు ఇప్పటికీ అదే పిలుపు.) వయసు 62. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2022 జనవరి నుంచి అంతే కదా. ఆయన మనసులో మాట బయటపెట్టగానే బెంగళూరు నుంచి కొడుకు ఫోన్.

'ఇప్పుడు కారేంటికి నాయనా? యాడికి పోవాల నువ్వు?'

'ఉరుకుంద ఈరన్న దగ్గరికి పోవాల. మంత్రాలయం పోవాల. మీ అమ్మను నెలకోసారి కర్నూలు ఆసుపత్రికి తీసుకపోవాల. ఇదే ఆఖరి బండి లేరా!'

పక్కనే కూరగాయలు తరుగుతున్న ఇల్లాలికి ఆ 'ఆఖరి' అన్న మాట నచ్చలేదు. చాకు పక్కన పెట్టేసింది.

నచ్చకపోయినా లెక్క మొదలు పెట్టాల్సింది అక్కడే. బండి ఎన్నాళ్లు మన్నుతుందన్నది సగం ప్రశ్నే. నడిపే మనిషి ఎన్నాళ్లు నడపగలడన్నది మిగతా సగం. షోరూమ్‌లో మొదటి సగానికే జవాబు దొరుకుతుంది.

రెండు గడువులు

సొంతానికి వాడుకునే కొత్త కారుకైనా మోటార్‌సైకిల్‌కైనా రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఇస్తారు. ఆ తర్వాత బండిని తనిఖీ చేయించి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే తీసుకున్నందుకు నెలనెలా పడే కమ్యుటేషన్ కోత కూడా సరిగ్గా 15 ఏళ్లే. అంటే అయ్యవారికి 77 ఏళ్లు వచ్చేసరికి కోతా ఆగుతుంది, కారు కాగితాలూ తీరతాయి!

మరి లైసెన్సు? మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 55 దాటినవారికి ఒక్కోసారి అయిదేళ్లకే ఇస్తారు. 62లో పొడిగిస్తే 67, ఆపైన 72, ఆపైన 77. ప్రతిసారీ డాక్టరు సంతకంతో ఆరోగ్య ధ్రువపత్రం జతచేయాలి. కారు ఒక్క పరీక్ష రాస్తే మనిషి మూడు రాయాలన్నమాట. కంటిలో శుక్లం, చక్కెర జబ్బు, మోకీలు నొప్పి, మెడ తిప్పలేకపోవడం... ఇందులో ఏదో ఒకటి బండికంటే ముందే మొరాయించవచ్చు.

కాబట్టి రిటైరయ్యాక కొనే కారును అయ్యవారు ఒక్కరే నడపగలిగితే చాలదు. అవసరం పడినరోజు కొడుకైనా, అల్లుడైనా, రోజు కూలికి వచ్చే పక్కవీధి డ్రైవరైనా ఎక్కి కూర్చోగానే అలవాటైన బండిలా నడిపేలా ఉండాలి. ఊళ్లో పదిమంది దగ్గరున్న మోడల్ కొనమని పెద్దలు చెప్పేది అందుకే.

కోసిగి నుంచి యాడికి?

కోసిగి మండల కేంద్రం. చెన్నై-ముంబయి రైలు మార్గం మీద స్టేషనుంది. రైలెక్కితే ఒకవైపు ఆదోని, గుంతకల్లు. మరోవైపు మంత్రాలయం రోడ్డు, రాయచూరు. ఇబ్బందల్లా జిల్లా కేంద్రంతోనే. కర్నూలుకు ఎమ్మిగనూరు మీదుగా రోడ్డు ప్రయాణమే దిక్కు. పెద్ద జబ్బు చేస్తే పెద్దాసుపత్రి అక్కడే ఉంది.

వాహనం విలువ ఈ ప్రాంతానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. వానలు ముఖం చాటేసిన ఏడు పిల్లాజెల్లాతో లారీలూ, బొలేరోలూ ఎక్కి గుంటూరు వైపు మిరప కోతకూ పత్తి తీతకూ 'సుగ్గి'కి తరలిపోయే ఊళ్లివి. నడిరాత్రి నడిరోడ్డు మీద ఆగిపోని బండే ఇక్కడ మంచి బండి. రంగు, హంగు ఆ తర్వాత.

అసలు కారే కావాలా? ఈ ప్రశ్న వేసుకోకుండా అడ్వాన్సు కట్టేవాళ్లే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. అరవై దాటినవారికి ఆర్టీసీ టికెట్‌లో 25 శాతం రాయితీ ఉంది. రైల్లో వృద్ధులకిచ్చే రాయితీ మాత్రం 2020 మార్చిలో ఆగిపోయింది. అయినా ప్యాసింజరు రైలు టికెట్ భారమేమీ కాదు.

ఇక అద్దె కారు. ఏడు లక్షలు పెట్టి కారు కొన్నారనుకుందాం. అదే డబ్బును పోస్టాఫీసులో వృద్ధుల పొదుపు పథకంలో వేస్తే 2025లో వడ్డీ 8.2 శాతం. ఏటా 57,400 రూపాయలు. మూడు నెలలకోసారి 14,350 చేతికొస్తుంది. కారు కొంటే ఆ వడ్డీ పోయినట్టే. పైగా బీమా, సర్వీసు, టైర్లు, బ్యాటరీ అన్నీ కలిపి ఏడాదికి సగటున 30 వేలు వేసుకుందాం. మొత్తం 87,400. కోసిగి నుంచి కర్నూలు పోయి రావడానికి అద్దె కారుకు 3,500 అడుగుతారనుకుంటే... ఏడాదికి 25 సార్లు దర్జాగా వెనక సీట్లో కూర్చుని పోయి రావచ్చు. అసలు ఏడు లక్షలూ పోస్టాఫీసులో అలాగే ఉంటాయి! కారు విషయంలో ఆ అసలు కూడా ఏటా కరుగుతుంది. సొంత కారుకు పెట్రోలు ఖర్చు ఇంకా ఈ లెక్కలోకి రానేలేదు.

అంటే నెలకు రెండుసార్లకు మించి దూరం పోనివారికి కారు లాభసాటి బేరం కాదు. ఈ లెక్క విన్నాక కూడా అయ్యవారు కారు కొనాలనే అంటారు. అర్ధరాత్రి ఇల్లాలికి ఆయాసం వస్తే అద్దె కారు డ్రైవరు ఫోన్ ఎత్తుతాడన్న నమ్మకమేమిటని ఆయన ప్రశ్న. దానికి పోస్టాఫీసు దగ్గర జవాబు లేదు. అక్కడ ఆయన చెప్పిందే నిజం.

మన్నిక అంటే...

మన్నికైన బండి అనగానే పాతతరం వాళ్లకు అంబాసిడర్ గుర్తొస్తుంది. ఊరి మేస్త్రి సుత్తి, స్పానరుతో బాగుచేసేవాడు. ఉత్తరపారలోని ఫ్యాక్టరీ 2014 మేలో మూతపడింది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ కూడా 2014 జనవరిలోనే ఆగింది. హైదరాబాదు శివారు పటాన్‌చెరులో తయారైన ఆల్విన్ పుష్పక్ స్కూటరును ఇంకా తుడిచి దాచుకున్నవాళ్లూ ఉన్నారు. 1985లో వచ్చిన హీరోహోండా సీడీ 100 కొని అదే బండి మీద సర్వీసంతా గడిపేసిన టీచర్లకు సీమలో కొదవ లేదు.

ఆ బండ్లు అన్నేళ్లు నిలవడానికి ఇనుము గట్టిదనం ఒక్కటే కారణం కాదు. సామాను ప్రతి ఊళ్లో దొరికేది. బాగుచేయడం వచ్చినవాడు ప్రతి సందులో ఉండేవాడు. నేటి కారులోనైనా మన్నిక రహస్యం అదే. బండి బాగానే ఉంటుంది, కంపెనీయే వెళ్లిపోతుంది! దేవూ కార్లు కొన్నవారికి 2000ల మొదట్లో ఆ అనుభవమైంది. షెవర్లే కార్ల అమ్మకాలను జనరల్ మోటార్స్ 2017తో మన దేశంలో ఆపేసింది. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఇంజిన్ ఎంత గట్టిదైనా, హెడ్‌లైట్ పగిలితే నెల్లాళ్లు ఎదురుచూడాలంటే 70 ఏళ్ల మనిషికి అది మన్నికైన బండి కాదు. అందుకని ఆదోనిలో సర్వీసుందా, కర్నూలు దాకా పోవాలా అన్నది మైలేజీ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

పెట్రోలా, డీజిలా? ఒకప్పుడు సందేహమే లేదు... ఎక్కువ కాలం మన్నాలంటే డీజిల్. క్వాలిస్‌లూ, బొలేరోలూ లక్షల కిలోమీటర్లు తిరిగిన ప్రాంతమిది. కానీ 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కథ మారింది. కొత్త డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడూ బండి పెద్దరోడ్డు మీద కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. రోజూ ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి గుడికి తిప్పే బండిలో అది పూడుకుపోతుంది. అలాంటి వాడకానికి మామూలు పెట్రోలు ఇంజినే మేలు. టర్బో అనే అదనపు హంగు లేకపోతే చెడిపోయే సామాను ఇంకొకటి తగ్గినట్టే. పేరున్న కంపెనీ మారుతియే 2020 ఏప్రిల్‌తో డీజిల్ కార్లకు స్వస్తి చెప్పింది.

గేర్ల సంగతి మోకాళ్లనడగాలి. నిమిషానికోసారి క్లచ్ తొక్కడం ఎడమ మోకాలికి శిక్షే. ఆటోమేటిక్‌లలో నాలుగైదు రకాలున్నాయి. చిన్న కార్లలో 2014 నుంచి కనిపిస్తున్న ఏఎంటీ అంటే మామూలు గేరుబాక్సే. క్లచ్ తొక్కే పని మాత్రం యంత్రం చేస్తుంది. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది. ధర తక్కువ, బాగుచేయడం తేలిక. రెండు క్లచ్‌లుండే ఖరీదైన రకం నడపడానికి హాయే గానీ వారంటీ దాటాక వచ్చే బిల్లు పెన్షనర్లు చూడదగ్గది కాదు.

ఇంకొకటుంది. షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. ఇల్లాలిని వెంట తీసుకెళ్లి అయిదుసార్లు ఎక్కి దిగమనాలి. సీటు మరీ కిందికుంటే బావిలోకి దిగినట్టు, మరీ పైకుంటే జీపు ఎక్కినట్టు. నిలబడ్డ మనిషి నడుము కాస్త వంచితే కూర్చునే ఎత్తులో ఉండాలి. పైకప్పు ఎత్తుగా ఉండే చిన్న కార్లు వయసు పైబడిన ఇళ్లలో ఎక్కువ కనిపించేది ఇందుకే. చీరకొంగు పట్టుకుని, ఒక చేత్తో తలుపు పట్టుకుని ఆమె ఇబ్బంది లేకుండా దిగగలిగితే సగం ఎంపిక అయిపోయినట్టే.

భద్రత దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. ముసలి ఎముక విరిగితే అతకడం కష్టం. మన దేశంలోనే కార్లను ఢీకొట్టించి నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష 2023 అక్టోబరు నుంచి మొదలైంది. కొనబోయే మోడల్‌కు ఎన్ని వచ్చాయో చూసుకోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండే చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మిగిలిన ఆ సొమ్మును అలాయ్ చక్రాలకు కాకుండా ఇంకో రెండు ఎయిర్‌బ్యాగులకు పెట్టినవారు తెలివైనవారు.

నడిపితే కాదు... నిలబెడితే!

ఉద్యోగంలో ఉన్నవాళ్ల కారు తిరిగి తిరిగి అరుగుతుంది. రిటైరైన వాళ్ల కారు నిలబడి నిలబడి పాడవుతుంది. ఏడాదికి మూడు, నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. 'పదివేల కిలోమీటర్లు కాలేదు కదా, అప్పుడే సర్వీసేమిటి?' అనుకుంటారు. కిలోమీటర్లు కాకపోయినా ఏడాది కాగానే ఇంజినాయిల్ మార్చాల్సిందే. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి. టైరు మీద గాళ్లు లోతుగానే కనిపిస్తున్నా అయిదారేళ్లకు రబ్బరు గట్టిపడుతుంది. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి... 2325 అంటే 2025లో 23వ వారంలో తయారైందని అర్థం. కొత్త కారు తీసుకునేటప్పుడూ ఇది చూసుకోవాలి.

వారానికి ఒక్కసారైనా అరగంట నడపకపోతే బ్యాటరీ నీరసిస్తుంది. సంక్రాంతికి వచ్చిన కొడుకు తాళం తిప్పితే 'టిక్కు'మని ఊరుకుంటుంది. ట్యాంకులో నెలల తరబడి పెట్రోలు నిలవుంచడమూ మంచిది కాదు. 2025 నాటికి దేశమంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్‌కు గాలిలో తేమను పీల్చే గుణముంది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్ల సామాను దీన్ని తట్టుకునేలా చేశారు. అంతకుముందు బండ్లలో రబ్బరు గొట్టాలు, వాషర్లు గమనించుకోవాలి. మైలేజీ కాస్త తగ్గుతుంది కూడా.

ఇవన్నీ ఒక ఎత్తు. ఎలుకలు ఒక ఎత్తు! కదలని కారు బానెట్ కింద వెచ్చగా కాపురం పెట్టి వైర్లు కొరికేస్తాయి. పక్కనే పత్తి, ధాన్యం మూటలున్న ఇంట్లో ఇది మరీ ఎక్కువ. రాత్రిళ్లు బానెట్ తెరిచిపెట్టే ఇళ్లూ ఉన్నాయి.

సీమ ఎండ ప్లాస్టిక్‌నూ రబ్బరునూ తినేస్తుంది. వేపచెట్టు నీడో, రేకుల షెడ్డో తప్పనిసరి. నల్లరేగడి దుమ్ముకు గాలి ఫిల్టరు పుస్తకంలో రాసిన గడువు దాకా ఆగదు. అయితే ఈ నేలతో ఒక మేలుంది. ఉప్పుగాలి లేదు, తేమ తక్కువ. సముద్రతీరపు ఊళ్లలో కారు అడుగుభాగాన్ని తినే తుప్పు ఇక్కడ అంత తొందరగా పట్టదు. సెకండ్‌హ్యాండ్ కొనాలంటే కోస్తాలో తిరిగిన బండి కంటే కర్నూలు, కడప బండి మేలనడానికి కారణం అభిమానం కాదు.

సెకండ్‌హ్యాండ్ అంటే కోసిగి వాళ్లకు రాయచూరు, బళ్లారి పక్కనే. ఆ పక్క రిజిస్ట్రేషన్ బండి చవకగా వస్తోందని ఎగబడతారు. పొరుగు రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే నిరభ్యంతర పత్రం తెచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఇక్కడి జీవితకాల పన్నూ కట్టాలి. ఆ ఖర్చు కలిపాక చవక ఎంత మిగిలిందో చూసుకోవాలి. బండి మీద ఫైనాన్స్ తీరినట్టు ఆర్సీలో ఎక్కిందా అన్నది ఇంకో ముఖ్యమైన తనిఖీ. అయిదేళ్ల వయసున్న బండి కొంటే కాగితాల మీద పదేళ్లు మిగిలినట్టు. అయ్యవారి వయసుతో అది బాగానే కుదురుతుంది.

'పదేళ్లయితే డీజిల్ బండి పట్టుకెళతారంట' అనే మాట కోసిగి టీ అంగడిలోనూ వినిపిస్తుంది. ఆ నిబంధన ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించింది. ఇక్కడ 15 ఏళ్లు దాటాక తనిఖీలో నెగ్గితే పొడిగిస్తారు. కాకపోతే ఫీజు పెరిగింది. 2022 ఏప్రిల్ నుంచి కారుకు 5 వేలు, మోటార్‌సైకిల్‌కు వెయ్యి. 20 ఏళ్లు దాటిన కారుకు 10 వేలు, మోటార్‌సైకిల్‌కు 2 వేలు చేస్తూ 2025 ఆగస్టులో ఉత్తర్వులొచ్చాయి.

బ్యాటరీ కార్ల మాటేమిటి? ఇంట్లో ప్లగ్గు ఉంటే చాలు, క్లచ్ లేదు, ఇంజినాయిల్ లేదు, జీఎస్టీ 5 శాతమే. ఊళ్లో తిరగడానికి ముచ్చటైన బండి. కానీ బ్యాటరీకి కంపెనీలు ఇచ్చే హామీ ఎక్కువగా 8 ఏళ్లు. అయ్యవారికి 70 నిండేవేళకు ఆ హామీ తీరుతుంది. విపరీతమైన వేడి బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది. ఆ వయసులో కొత్త బ్యాటరీకి లక్షలు పెట్టాల్సి వస్తే? 'ఒక్కసారి కొని మరచిపోవాలి' అనుకునేవారు ఇంకొన్నేళ్లు ఆగి చూడటమే మంచిది.

ఎక్సెల్ ఉండగా...

ఇంత చర్చా అయ్యాక కూడా వసారాలో నిలబెట్టిన టీవీఎస్ ఎక్సెల్‌ను ఎవరూ కాదనలేరు. పాలక్యాను, గడ్డిమోపు, ఎరువుల బస్తా, మనవడు... దేన్నైనా మోస్తుంది. గేర్లు లేవు. పాత రెండు స్ట్రోకుల ఇంజిన్ పోయి 2015లో ఎక్సెల్ 100 నాలుగు స్ట్రోకులతో వచ్చింది. బరువు 90 కిలోల లోపే. పెద్ద మోటార్‌సైకిల్ కింద పడితే 70 ఏళ్ల మనిషి ఒక్కడే ఎత్తలేడు. స్కూటరైనా వంద దాటుతుంది. షోరూమ్‌లో స్టాండు తీసి, పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి చూసుకుంటే తెలిసిపోతుంది. ఊరి వరకే అయితే ఇంతకు మించిన బండి వెతకనక్కర్లేదు. హెల్మెట్ మాత్రం ఊళ్లో తిరిగినా తప్పదు. సందు మలుపులో కుక్క అడ్డమొస్తే వయసు చూడదు.

ఆదివారం మళ్లీ ఫోన్ మోగింది.

'ఏం తేల్చినావు నాయనా?'

'ఎక్సెల్ అమ్మేది లేదురా. కారు చిన్నదే, పెట్రోలుదే, గేర్లు లేనిదే. పేరు మాత్రం మీ అమ్మ పేరు మీద.'

'అమ్మకు డ్రైవింగ్ రాదు కదా!'

'ఆర్సీకి డ్రైవింగ్ ఏంటికి? నేను కళ్లు కనపడక ఆపేసినా బండి ఆమెది కదా. డ్రైవర్ను పిలిపించుకుని ఆమే పోతాది ఉరుకుందకు.'

ఇల్లాలు ఈసారి చాకు పక్కన పెట్టలేదు. ముందు కళ్లు చూపించుకోవాలని, అడ్వాన్సు కట్టేది ఆ తర్వాతేనని మాత్రం వంటింట్లోంచే చెప్పింది. సోమవారం పొద్దున్నే ఇద్దరూ ఆదోని బయల్దేరారు... రైల్లో.